బహుజన ఆన్‌లైన్ క్రీడలలో శిల్పవృత్తులు: ప్రారంభకుల అభ్యాసక్రమము

వేలకొలది జనులు ఏకకాలమున ప్రవేశించి సంచరించునట్టి కల్పిత లోకములను కంప్యూటరు తెరపై నిలుపు ఆన్‌లైన్ క్రీడలలో, యుద్ధమునకు తోడుగా, కొన్నింట యుద్ధమును మించిన ప్రాధాన్యముతో వర్ధిల్లుచున్న వ్యాపారము వస్తునిర్మాణము. ఆటగాండ్రు దీనిని క్రాఫ్టింగ్ అని వ్యవహరింతురు. గనుల నుండి ఖనిజమును, అడవుల నుండి కలపను, మృగముల నుండి చర్మమును సేకరించి, వానిని కడ్డీలుగను పలకలుగను తోలుగను మార్చి, ఆ మార్చిన సామగ్రితో ఖడ్గములను, కవచములను, వస్త్రములను, ఔషధములను, భోజ్యములను, తుదకు అంతరిక్ష నౌకలను సైతము రూపొందించి, తాము ఉపయోగించుకొనుటయో తోటివారికి విక్రయించుటయో ఈ వృత్తుల స్వరూపము. ఇట్టి వృత్తుల చరిత్ర ఇచట సంగ్రహముగా చెప్పబడును. వానిలో మిక్కిలి క్రమబద్ధమును, నేర్చువారికి మిక్కిలి ఉపకారకమును అగు ఫైనల్ ఫాంటసీ 14 నందలి పద్ధతి విస్తరముగా వివరింపబడును.

కొత్తవారు తడబడు తావులు ముఖ్యముగా రెండు. చేయబోవు పనికి ఎన్ని అడుగులు పట్టునో పనికి పూనుకొనకముందే గణింపకపోవుట ఒకటి. చేసి ముగించిన వస్తువునకు నిజముగా ఎంత వ్యయమైనదో ముగించిన పిమ్మటనైనను గణింపకపోవుట రెండవది. అరుదైన సామగ్రి, విలువైన పనిముట్లు, దీర్ఘకాలము కూర్చుండగల ఓపిక, ఇవన్నియు ఈ రెండు గణనముల తరువాతివే. గణనము తెలియనివానికి ఎంత సామగ్రి దొరకినను అది వ్యర్థమగును. తెలిసినవాడు స్వల్ప సామగ్రితోనే నిలద్రొక్కుకొనగలడు.

ఈ వృత్తులకు తొలి వికాసము 1997 సెప్టెంబరులో ఆరిజిన్ సిస్టమ్స్ వారు వెలువరించిన అల్టిమా ఆన్‌లైన్ నందు కానవచ్చును. అందు కమ్మరము, వడ్రంగము, కుట్టుపని, ఔషధ నిర్మాణము మున్నగు నైపుణ్యములు 0 నుండి 100 వరకు కొద్దికొద్దిగా పెరుగును. 100 చేరినవాడు గ్రాండ్‌మాస్టరు. అతడు చేసిన ఉత్తమ వస్తువుపై అతని పేరు ముద్రింపబడును. ఒక పాత్రకు గల నైపుణ్యముల మొత్తము 700 దాటరాదను నియమము మొదట ఉండుటచేత, కమ్మరి కాదలచినవాడు పోరాట నైపుణ్యములలో కొన్నింటిని వదలుకొనక తప్పలేదు. వృత్తిని స్వీకరించుట ఒక త్యాగముతో కూడినదని ఆ క్రీడ స్థాపించినది. 1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ నందు ఈ వృత్తులు మరింత కఠినములు. కొలిమిలోనో పొయ్యిలోనో మగ్గమునందో సామగ్రిని ఉంచి కలుపుమని ఆజ్ఞాపింపగా, పని విఫలమైనచో సామగ్రి నశించును. ప్రతి వస్తువునకు ఒక హద్దు కలదు. నైపుణ్యము ఆ హద్దు దాటిన పిమ్మట ఆ వస్తువును ఎన్నిమారులు చేసినను నేర్పు పెరుగదు. అతి సులభమైనది చేసినచో అభ్యాసము నిలిచిపోవును, అతి కష్టమైనది చేసినచో సామగ్రి దగ్ధమగును. ఈ రెంటి నడుమ మార్గమును వెదకుకొనుట నాటి అభ్యాసులకు ప్రథమ పాఠము. అది నేటికిని ప్రథమ పాఠమే.

2003 జూనులో ప్రారంభమైన స్టార్ వార్స్ గాలక్సీస్ ఈ చరిత్రలో ప్రత్యేకముగా నిలిపి చెప్పదగినది. అల్టిమా ఆన్‌లైన్ రూపకర్తలలో ప్రముఖుడైన రాఫ్ కోస్టర్ దీనికిని సృజన నిర్దేశకుడు. ఆ లోకమునందు ఇనుమనిన ఒకే ఇనుము కాదు. ఒక్కొక్క గ్రహమున ఒక్కొక్క కాలమున వెలువడు లోహమునకు ఉష్ణనిరోధము, విద్యుద్వాహకత, సాగుగుణము, దృఢత్వము మున్నగు గుణములు 1 నుండి 1000 వరకు వేరువేరు అంకములతో ఉండెడివి. ఆ నిక్షేపము కొంతకాలము మాత్రమే లభించి, పిమ్మట మరల రాకుండ అంతరించెడిది. కావున ఆయుధకారుడు ప్రతిదినము సర్వే పనిముట్టు చేతబట్టి నేలను పరీక్షించుచు, తనకు కావలసిన గుణము ఎక్కువగా గల లోహము కనబడిన వెంటనే హార్వెస్టరు యంత్రములను నాటి, రాబోవు నెలలకు సరిపడునంత నిలువ చేసికొనెడివాడు. నిర్మాణ సమయమునందు ప్రయోగమను మెట్టు ఒకటి ఉండెను. లోహపు గుణములను అనుసరించి వస్తువు యొక్క శక్తినో మన్నికనో పెంచుటకు అచట యత్నింపవచ్చును. వస్తువులు వాడుకలో అరిగి నశించుటచేత కొనువారికి కొరత లేకుండెను. ఆ క్రీడ 2011 డిసెంబరు 15న మూతపడినది. ముడిసామగ్రి గుణమును ఎరుగుటయే శిల్పి విద్యలో సగపాలని అంత స్పష్టముగా బోధించిన క్రీడ మరియొకటి రాలేదని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

స్టార్ వార్స్ గాలక్సీస్ వెలువడిన 2003లోనే ప్రాచీన ఐగుప్తు నేపథ్యముగా వచ్చిన ఎ టేల్ ఇన్ ది డెజర్ట్ నందు యుద్ధమే లేదు, నిర్మాణమే సర్వస్వము. 2004 నవంబరులో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ వృత్తులను సులభతరము చేసి విశాల జనసమూహమునకు పరిచయము చేసినది. ఒక పాత్రకు రెండు ప్రధాన వృత్తులు మాత్రమే అనుమతింపబడును. వంటకము, చేపలవేట మున్నగునవి వానికి అదనము. ప్రతి నిర్మాణసూత్రము పేరు నారింజ, పసుపు, ఆకుపచ్చ, బూడిద అను నాలుగు వర్ణములలో ఒకదానిలో కనబడును: నారింజ వర్ణములో ఉన్నది చేసినచో నైపుణ్యము తప్పక పెరుగును, బూడిద వర్ణములో ఉన్నది చేసినచో ఎన్నటికిని పెరుగదు. ఎవర్‌క్వెస్ట్ దాచి ఉంచిన హద్దును ఇచట కన్నులకు కట్టినట్లు చూపినారు. 2022 నవంబరునాటి డ్రాగన్‌ఫ్లైట్ విస్తరణతో ఈ సారళ్యము మారినది: సామగ్రికి నాణ్యతాశ్రేణులు, వృత్తిలో ఉపశాఖలు, కొనువారు తమ సామగ్రిని తెచ్చి పని చేయించుకొను ఆర్డర్లు ప్రవేశించినవి. ఉపశాఖలలో వేసిన పాయింట్లను వెనుకకు తీసికొనుట ఆ విస్తరణ వెలువడిననాడు సాధ్యము కాకుండెను. కావున తొందరపడి పలుశాఖలపై కొంచెము కొంచెముగా చల్లినవారు ఏ శాఖలోను నిపుణులు కాలేకపోవుట సహజము. ఒక శాఖను తుదముట్ట పూరించి, దానివలన వచ్చు ఆర్డర్లతో నిలిచి, పిమ్మట రెండవదానికి పోవుట వివేకము.

ఇక ఫైనల్ ఫాంటసీ 14. జపానుకు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ దీనిని 2010 సెప్టెంబరులో ప్రారంభించి, ఆదరణ లభింపక, నావోకి యోషిద నిర్దేశమున పునర్నిర్మించి, 2013 ఆగస్టులో ఎ రెల్మ్ రీబార్న్ అను పేర మరల వెలువరించినది. ఇందు నిర్మాణవృత్తులు ఎనిమిది: వడ్రంగము, కమ్మరము, కవచకారత్వము, స్వర్ణకారత్వము, తోలుపని, నేతపని, రసవాదము, పాకశాస్త్రము. సేకరణవృత్తులు మూడు: గనిత్రవ్వకము, వృక్షసేకరణము, చేపలవేట. కమ్మరి, కవచకారుడు, పాకశాస్త్రజ్ఞుడు లిమ్సా లొమిన్సా నగరమునను, వడ్రంగి, తోలుపనివాడు గ్రిడానియాయందును, స్వర్ణకారుడు, నేతగాడు, రసవాది ఉల్దా నగరమునను తమ తమ గిల్డులలో నేర్చుకొందురు. తొలుత స్వీకరించిన పోరాటవృత్తిలో పదవ లెవెలు పని ముగించినవారికి మాత్రమే ఇతర గిల్డుల ద్వారములు తెరచుకొనును. ఒకే పాత్ర అన్ని వృత్తులను అభ్యసింపవచ్చుననుట ఈ క్రీడ విశేషము; చేతిలోని పనిముట్టు మార్చినంతనే వృత్తి మారును.

ఇచటి నిర్మాణము ఒక్క మీటను నొక్కుటతో ముగియదు. ప్రతి వస్తువునకు మూడు కొలతలు కలవు. ప్రోగ్రెస్ అనబడు ప్రగతి నిండినంతనే వస్తువు పూర్తియగును. క్వాలిటీ అనబడు నాణ్యము పెరిగినకొలది ఉత్తమ వస్తువు, అనగా ఆటగాండ్రు హెచ్.క్యు. అనునది, లభించు అవకాశము హెచ్చును. డ్యూరబిలిటీ అనబడు మన్నిక ప్రతి చర్యకును సాధారణముగా 10 చొప్పున తరుగును. ప్రగతి నిండక మునుపే ఇది సున్న అయినచో సామగ్రి నష్టమగును. శిల్పికి సి.పి. అను శక్తినిధి వేరుగా ఉండును, విశేష చర్యలన్నియు దానిని వ్యయము చేయును. ప్రగతి నిండిన వస్తువునకు నాణ్యమును పెంచుటకు వీలులేదు గనుక, నాణ్యమునకు ముందు చోటు ఇచ్చి, ప్రగతిలోని తుది అడుగును చివరకు నిలుపుకొనుట ఈ విద్యయందలి మూలసూత్రము.

దీనిని ఒక గణనముతో చూపుట మేలు. మన్నిక 40 గల చిన్న వస్తువును తీసికొందము. బేసిక్ సింథసిస్ అను చర్యను రెండుమారులు ప్రయోగించినచో ప్రగతి నిండునని తెలిసినదనుకొందము. ఆ చర్యకు సి.పి. అక్కరలేదు. మన్నిక నాలుగు చర్యలకు సరిపోవును. రెండు ప్రగతికి పోగా, నాణ్యమును పెంచు బేసిక్ టచ్ రెండుమారులకు మించి సాధ్యము కాదు. బేసిక్ టచ్ ఐదవ లెవెలులో లభించును, దాని వ్యయము 18 సి.పి. ఏడవ లెవెలులో మాస్టర్స్ మెండ్ అను చర్య లభించును. అది 88 సి.పి. తీసికొని 30 మన్నికను తిరిగి ఇచ్చును, అనగా మూడు చర్యలను అదనముగా కొనిపెట్టును. ఇప్పుడు చర్యలు ఏడు. ప్రగతికి రెండు పోగా నాణ్యమునకు ఐదు. ఐదు టచ్‌లకు 90 సి.పి., మరమ్మతుకు 88, మొత్తము 178. ధరించిన పరికరములవలన వచ్చు అదనమును విడిచినచో శిల్పికి గల సి.పి. 180. రెండు మిగులును! అభ్యాసదశలోని శిల్పికి ఈ పద్ధతి ఎంత సూక్ష్మముగా తూచబడినదో ఈ లెక్క చెప్పకయే చెప్పును. అయితే మరమ్మతును మన్నిక 10కి దిగినప్పుడే చేయవలెను. 20 ఉండగా చేసినచో, గరిష్ఠము 40 కావున, పది వ్యర్థమై, ఒక టచ్ నష్టమగును. కొత్తవారు మన్నిక తగ్గుటకు భయపడి ముందుగానే మరమ్మతునకు పూనుకొందురు. ఆ భయమును గెలుచుట అవసరము. మన్నిక సున్నకు దిగిన చర్యతోనే ప్రగతియు నిండినచో పని సఫలమే, కావున చివరి పదిని దాచుకొనవలసిన పని లేదు.

మరియొక సంగతి: నాణ్యము సగము నిండినంత మాత్రమున ఉత్తమ వస్తువు లభించు అవకాశము సగము కాదు, అంతకు చాల తక్కువ. చివరి భాగమునందే అది వేగముగా పెరుగును. కనుక సగములో ఆగి అదృష్టమునకు విడుచుటకంటె, ఉత్తమ సామగ్రిని కలిపి మొదటనే కొంత నాణ్యముతో ప్రారంభించి తుదివరకు నింపుట లాభకరము. ఉత్తమ సామగ్రి దొరకనిచో, ఆ వస్తువునకు పూనుకొనక రెండు మూడు లెవెళ్లు పెరిగినపిమ్మట చేయుట మంచిది.

లెవెలు పెరిగినకొలది చర్యలు హెచ్చును, వాని క్రమమే నైపుణ్యమగును. ఇన్నర్ క్వయట్ అను గుణము ప్రతి టచ్‌తో ఒక మెట్టు పెరుగుచు, పది మెట్ల వరకు, తరువాతి టచ్‌ల బలమును మెట్టుకు పదోవంతు చొప్పున వృద్ధిచేయును. ఇందుచేత ఒకే టచ్ పని ప్రారంభమున కంటె అంతమున ఎక్కువ ఫలించును. ఇన్నొవేషన్ నాలుగు అడుగులపాటు టచ్ ఫలమును సగము పెంచును. గ్రేట్ స్ట్రైడ్స్ తరువాతి ఒక్క టచ్ ఫలమును రెట్టింపు చేయును. రెండును కలిసినచో ఫలము రెండున్నర రెట్లగును. ఏబదవ లెవెలులో వచ్చు బైరెగాట్స్ బ్లెసింగ్ ఇన్నర్ క్వయట్ మెట్లనన్నింటిని ఒక్కసారిగా వ్యయము చేసి, మెట్లెన్ని ఉన్న అంత ఘనమైన ఫలమునిచ్చును. మెట్లను కూర్చుకొని, ఇన్నొవేషన్, గ్రేట్ స్ట్రైడ్స్ రెంటిని నిలిపి, అప్పుడు ఆ దీవెనను ప్రయోగించి, పిమ్మట ప్రగతిని ముగించుట అనుభవజ్ఞుల వాడుక. దీనిని కంఠస్థము చేయుటకంటె, ఏ చర్య ఏల ఆ చోట ఉన్నదో గ్రహించుట మేలు. గ్రహించినవాడు వేరొక మన్నిక గల వస్తువు వచ్చినప్పుడు తానే క్రమమును మార్చుకొనగలడు.

అడుగడుగునకు పని యొక్క స్థితియు మారుచుండును. సాధారణ స్థితి నుండి గుడ్ అను స్థితి వచ్చినప్పుడు టచ్ ఒకటిన్నర రెట్లు, అరుదుగా ఎక్సలెంట్ వచ్చినప్పుడు నాలుగు రెట్లు ఫలించును. ఎక్సలెంట్ వెనువెంటనే పూర్ అను హీన స్థితి వచ్చును. ఎక్సలెంట్‌లో పెద్ద టచ్‌ను ప్రయోగించి, పూర్‌లో మరమ్మతో గ్రేట్ స్ట్రైడ్సో చేసి ఆ అడుగును గడుపుట చతురత. గుడ్ స్థితిలో టచ్‌కు బదులు ట్రిక్స్ ఆఫ్ ది ట్రేడ్ ప్రయోగించి 20 సి.పి.ని రాబట్టుకొనవచ్చును, శక్తి కొరవడిన కొత్తవారికి తరచుగా ఇదే మేలైన ఎంపిక. సామగ్రి ఏమాత్రము వ్యయము కాకుండ పనిని పరీక్షించుకొనుటకు ట్రయల్ సింథసిస్ అను సదుపాయమును క్రీడయే కల్పించినది. ఇంతటి ఉపకారమును వినియోగించుకొనక, ఖరీదైన సామగ్రిపై నేరుగా ప్రయోగములు చేయుట తగదు.

ఎనిమిదింటిలో దేనితో ప్రారంభింపవలెనను ప్రశ్న ప్రతి అభ్యాసికిని కలుగును. పాకశాస్త్రము తన పిండిని, వెన్నను తానే చేసికొనును గనుక ఇతర వృత్తులపై ఆధారపడుట తక్కువ. ఒంటరిగా నేర్చువారికి అది అనుకూలము. కమ్మరము, కవచకారత్వము రెండును కంచు, ఇనుప కడ్డీలను స్వయముగా చేసికొనగలవు; ఆ రెండింటిని జంటగా నడపుట లాభకరము. వడ్రంగికి మేకులు కావలెను, తోలుపనివానికి దారము కావలెను. ఈ పరస్పరావలంబనము కారణముగా ఎనిమిదింటిని కలిపి పెంచుమని పలువురు ఉపదేశింతురు. ఆ ఉపదేశము సత్యమే. కాని మొదటి దినముననే ఎనిమిది గిల్డులలో చేరినవాని సంచి అర్థముకాని సామగ్రితో నిండిపోవును. ఒక వృత్తిని ఇరువదవ లెవెలు వరకు తెచ్చి, పైన చెప్పిన గణనము చేతికి వచ్చిన పిమ్మట, తక్కినవానిని ఐదేసి లెవెళ్ల మెట్లుగా వెంట తీసికొని పోవుట ఈ వ్యాసకర్త అభిమతము. గనిత్రవ్వకమును, వృక్షసేకరణమును మొదటి నుండియు తోడుంచుకొనవలెను. ఏలయన ప్రతి నిర్మాణమునకు అగ్ని, మంచు, గాలి, భూమి, మెరుపు, నీరు అను ఆరు భూతముల స్ఫటికములలో కొన్ని తప్పక కావలెను, అవి ఆ రెండు వృత్తులవారికి విరివిగా లభించును.

లెవెలు పెంచుకొను మార్గములను గూర్చి విస్తరింప పనిలేదు. ప్రతి వస్తువును మొదటిసారి చేసినందుకు అదనపు అనుభవాంకములు లభించును గనుక, ఒకే వస్తువును వందమారులు చేయుటకంటె పట్టికలోని వస్తువులనన్నింటిని ఒక్కొక్కమారు చేయుట మొదటి మెట్టు. గిల్డు అధిపతి ఐదేసి లెవెళ్లకు ఒకమారు అప్పగించు పనులు రెండవది. లెవ్ అను ఒప్పందపు పనులు మూడవది: వీనికి పండ్రెండు గంటలకు మూడు చొప్పున అనుమతులు చేరుచు 100 వరకు నిలువయుండును, ఉత్తమ వస్తువును అప్పగించినచో ప్రతిఫలము రెట్టింపగును. అనుమతులు నూరు నిండి ఊరక పొరలిపోనీయక, నాణ్యము సాధింపగల వస్తువులకై వానిని వెచ్చించుట ఉచితము. ఐదారు లెవెళ్లకొకమారు పనిముట్లను మార్చుకొనుట మరువరాదు. పాత పనిముట్టుతో తంటాలుపడి తన చేతకానితనమని నొచ్చుకొనువారు పలువురు. క్రాఫ్ట్స్‌మన్‌షిప్ ప్రగతిని, కంట్రోల్ నాణ్యమును నిర్ణయించును. ఈ రెండును పనిముట్ల నుండియే ముఖ్యముగా వచ్చును.

చర్యల వరుసను మాక్రోగా వ్రాసికొని ఒక్క మీటతో నడపుట ఈ క్రీడ అనుమతించిన సదుపాయము. ఒక మాక్రోకు పదునైదు పంక్తులు. పెద్ద సంఖ్యలో ఒకే వస్తువును చేయువారికి ఇది ప్రాణాధారము. అయినను ప్రారంభదశలో పరుల మాక్రోలను తెచ్చుకొనుట హానికరమని గట్టిగా చెప్పవలసి ఉన్నది. మాక్రో స్థితిని చూడదు. ఎక్సలెంట్ వచ్చినను, పూర్ వచ్చినను వ్రాసిన వరుసనే నడుచును. అది వ్రాసినవాని పరికరముల బలమునకు సరిపోవునే గాని నేర్చువాని బలమునకు సరిపోకపోవచ్చును. చేతితో పలుమారులు చేసి, తన క్రమమును తాను కనుగొన్నవాడు తానే వ్రాసికొన్న మాక్రో చిన్నదైనను శ్రేష్ఠము.

రెండవ గణనము, అనగా వ్యయగణనము, అన్ని క్రీడలకును సమానము. కాని దానిని అభ్యసించుటకు ఐస్‌లాండునందలి సి.సి.పి. సంస్థ 2003 మేలో వెలువరించిన ఈవ్ ఆన్‌లైన్ నకు సాటియైనది లేదు. అచట ఆటగాండ్ర నౌకలలో అత్యధికము ఆటగాండ్రే నిర్మించినవి. యుద్ధమున నశించిన నౌక మరల రాదు. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అను నక్షత్రమండలమున జరిగిన మహాసంగ్రామమున 75 టైటాన్ నౌకలు నశించినవి. ఆ నష్టమును పూరింపవలసినవారు మరల శిల్పులే. నిర్మాణమునకు బ్లూప్రింటు కావలెను: మూల బ్లూప్రింటును ఎన్నిమారులైనను వాడవచ్చును, నకలు పరిమితమైన మారులకే పనికివచ్చును. పరిశోధనచేత మూల బ్లూప్రింటునకు కావలసిన సామగ్రిని గరిష్ఠముగా 10 శాతము, కాలమును 20 శాతము తగ్గించుకొనవచ్చును. ట్రైటానియము మొదలు మార్ఫైటు వరకు ఎనిమిది ఖనిజములు నౌకానిర్మాణమునకు ఆధారములు. జీతా అను మండలము క్రయవిక్రయములకు మహాకేంద్రము. ఆ లోకపు ఆర్థికవ్యవస్థ ఎంతటిదనిన, దానిని పరిశీలించుటకు 2007లో సి.సి.పి. వారు ఐయోల్ఫుర్ గుడ్‌మున్‌సన్ అను ఆర్థికశాస్త్రవేత్తను ఉద్యోగమున నియమించిరి.

స్వయముగా త్రవ్వి తెచ్చిన ఖనిజము ఉచితమను భ్రమ ఈవ్ శిల్పులలో చిరకాలముగా ప్రసిద్ధము, కొత్తవారిని దాని నుండి తప్పించుటకు పెద్దలు అలసట లేక వాదించుచుందురు. ఒకని వద్దనున్న ఖనిజమును జీతాలో అమ్మినచో ఆ లోకపు ధనమైన ఇస్క్ పది లక్షలు వచ్చుననుకొందము. దానితో అతడు కట్టిన నౌక తొమ్మిది లక్షలకు అమ్ముడుపోయినది. తొమ్మిది లక్షలు లాభించినానని అతడు సంతసించును. నిజమునకు లక్ష ఇస్కులను, నౌక కట్టుటకు పట్టిన కాలమును కోల్పోయినాడు. సామగ్రి ఎచటినుండి వచ్చినను, దానిని ఆ దినమున సంతలో అమ్మినచో ఎంత వచ్చునో అదియే దాని వ్యయము. ఈ ఒక్క నియమమును గ్రహించిన నాడు అభ్యాసి దృష్టి పూర్తిగా మారిపోవును: తయారైన వస్తువుకంటె కడ్డీకే, కడ్డీకంటె ముడి ఖనిజమునకే ఎక్కువ ధర పలుకుచున్న సందర్భములు కనబడును, అప్పుడు నిర్మింపక అమ్ముటయే శిల్పికి తగిన పని. ఫైనల్ ఫాంటసీ 14 నందలి మార్కెట్ బోర్డుకును ఇదియే వర్తించును. పన్ను, స్ఫటికముల ధర, అమ్ముడుపోక నిలిచియుండు దినములు లెక్కలో చేరవలెను. బోర్డు మీద చూపబడు హెచ్చు ధరను కాక, అమ్మకముల చరిత్రలో నిజముగా జరిగిన ధరను, వారమునకు ఎన్ని అమ్ముడుపోవుచున్నవో చూడవలెను. తోటివానికంటె ధర విపరీతముగా తగ్గించి అమ్ముట తొందరపాటే. ఆ తగ్గింపు రేపు తన మీదికే వచ్చును.

పాత మార్గదర్శక రచనలను నమ్మి మోసపోవుట కూడ తరచుగా జరుగునది. ఫైనల్ ఫాంటసీ 14లో ఒకప్పుడు ఒక వృత్తిలో నేర్చిన చర్యను వేరొక వృత్తికి కొనిపోవుటకు ఆ మొదటి వృత్తిని పెంచవలసి ఉండెను: బైరెగాట్స్ బ్లెసింగ్‌కై వడ్రంగమును, స్టెడీ హ్యాండ్ రెండవ మెట్టుకై పాకశాస్త్రమును ముందు అభ్యసింపుమని ఆనాటి రచనలన్నియు చెప్పును. 2019లో ఆ ఏర్పాటు తొలగింపబడినది. నేడు ఆ సలహాను పాటించువాడు దినములను వృథాచేసికొనును. రచన ఏ సంవత్సరపు ఏ సవరణకు సంబంధించినదో చూడక దేనిని అనుసరింపరాదు. క్రీడలోని ధనమును నిజమైన ధనమునకు అనధికారముగా అమ్మువారి నుండి కొనుట, మనిషి లేకుండ పనిచేయించు బాట్ యంత్రములను వాడుట పెక్కు క్రీడలలో నిషిద్ధములు. వానివలన కూడబెట్టిన సర్వస్వముతో ఖాతాయే రద్దుకావచ్చును.

తెలుగు పాఠకులకు ప్రత్యేకముగా చెప్పవలసినది కొంత కలదు. ఫైనల్ ఫాంటసీ 14 సర్వర్లు జపాను, ఉత్తర అమెరికా, ఐరోపా, ఓషియానియాలలో ఉన్నవి, భారతదేశమున లేవు. హైదరాబాదు నుండియో విజయవాడ నుండియో ఆడువారికి దూరము కారణముగా పింగు హెచ్చి, పోరాటమునందు చర్యలు ఆలస్యమగుట అనుభవవేద్యమే. శిల్పవృత్తులకు ఈ బాధ లేదు. ప్రతి అడుగునకు ఎంతసేపైనను ఆలోచించుకొనవచ్చును. క్షణములో ప్రతిస్పందింపవలసిన పని ఏదియు లేదు. కావున దూరదేశపు సర్వరులో ఆడు తెలుగువారికి, ఇతరులతో ఏమాత్రము తీసిపోక రాణించుటకు ఈ వృత్తులే అనువైనవి. చర్యల పేర్లు ఆంగ్లమునందే నేర్చుకొనవలసి వచ్చినను, గణనమునకు భాష అడ్డురాదు.

ప్రారంభింపగోరువారు ధనము వెచ్చింపనక్కరలేదు. ఉచిత ప్రయోగ ఖాతాతో డెబ్బదవ లెవెలు వరకు ఎనిమిది వృత్తులను కాలపరిమితి లేక అభ్యసింపవచ్చును. ఆ ఖాతాకు మార్కెట్ బోర్డు తెరువబడదు, గిల్ అను క్రీడాధనమును మూడు లక్షలకు మించి నిలువ చేసికొను వీలును లేదు. లాభాపేక్ష లేక మొదటి గణనమును స్థిరపరచుకొనుటకు ఈ నిర్బంధములే సహాయము చేయును. అమ్మకము మొదలుపెట్టదలచినవారు ఆ మెట్టు దాటిన పిమ్మటనే చందా కట్టుట మంచిది.